పడుగు కనిపిస్తుంది, పేక కనిపించదు

వరంగల్‌లో లేజర్‌తో కార్నియా కోసి, దాని స్థానంలో కొత్త కార్నియా కుట్టిన మొదటి చెయ్యి నాది. మర్నాడు పొద్దున కట్టు విప్పగానే ఆ పేషెంటు గోడ మీది చార్టులో చిట్టచివరి వరుస గడగడా చదివింది. గదిలో ఉన్న సిస్టర్లందరూ చప్పట్లు కొట్టారు. నేను మాత్రం ఏమీ జరగనట్టు చేతులు కడుక్కుని టీ తాగడానికి వెళ్ళిపోయాను.

ఈ సంగతి నేను డాక్టర్ల సభల్లో చెప్పాను, పెళ్ళి భోజనాల్లో చెప్పాను, రిటైరయ్యాక సుబేదారి పార్కులో నాతో పాటు నడిచే వాళ్ళందరికీ చెప్పాను. నన్ను చూడగానే చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకునేవాళ్ళు ఆ పార్కులో కనీసం ముగ్గురున్నారు. ఇప్పుడు కంటి వైద్యంలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం రాయమని అడిగారు కాబట్టి, పై నాలుగు వాక్యాల్లో ఎంత నిజముందో వరసగా చెప్పేస్తాను. టీ తాగిన మాట మాత్రం పూర్తిగా నిజం.

అద్దాల గది

కార్నియా అంటే కంటి ముందుండే అద్దం. అది దెబ్బతిని తెల్లబడితే మన ఊళ్ళలో పువ్వు పడిందంటారు. ఆ తెల్లబడ్డ భాగాన్ని గుండ్రంగా కోసి తీసేసి, చనిపోయినవాళ్ళు దానం చేసిన కంటి నుంచి అంతే గుండ్రటి ముక్క తెచ్చి, వెంట్రుక కంటే సన్నటి దారంతో కుట్టాలి. నా ఉద్యోగమంతా ఇదే పని. ఇంతకు మించి నాకేమీ రాదు. ఇంట్లో బల్బు మార్చాలన్నా మనిషిని పిలుస్తాం.

నేను చివరి ఇరవై ఏళ్ళు పనిచేసింది ఒక ప్రైవేటు కంటి ఆసుపత్రిలో. దాని యజమానిని మేమంతా పెద్దసారు అనేవాళ్ళం. ఆయనా కంటి డాక్టరే గాని, కత్తి పట్టుకుని చాలా కాలమైంది. రిబ్బన్లు కత్తిరించడానికి తప్ప కత్తెర కూడా ముట్టుకునేవాడు కాదు. ఆయన లేజర్ మెషీను కొన్నాడు. ప్రధానంగా కళ్ళజోడు తీసేయించుకోవాలనుకునే ఇంజినీరింగు పిల్లల కోసం. అదే మెషీనుతో కార్నియా మార్పిడికి కావలసిన కోత కూడా కోయొచ్చని కంపెనీవాళ్ళు చెప్పడంతో నన్ను పిలిచాడు.

మెషీనును కింది అంతస్తులో, కళ్ళజోళ్ళ షాపు పక్కన, అద్దాల గోడలున్న గదిలో పెట్టించాడు. మా ఆపరేషన్ థియేటరు రెండో అంతస్తులో ఉంది.

"కోత కింద, కుట్లు పైనా ఎట్లా సార్?" అన్నాను.

"పైన పెడితే ఎవరు చూస్తరయ్యా?" అన్నాడు పెద్దసారు.

వారం తిరక్కుండా చౌరస్తాలో బోర్డు లేచింది. బ్లేడు లేదు, నొప్పి లేదు, నూటికి నూరు చూపు అని రాయించాడు. కుట్లు మాత్రం ఉంటాయి కదా సార్ అన్నాను. "బోర్డు మీద కుట్లు ఎవడు రాస్తడు?" అన్నాడు. ఇరవై ఏళ్ళలో ఆయన నాతో అబద్ధం ఆడని సందర్భం ఇదొక్కటే.

లేజర్ మంచిదే. చేత్తో కోస్తే అంచు నిలువుగా తెగుతుంది. లేజర్ మెట్టు మెట్టుగా కోస్తుంది కాబట్టి కొత్త ముక్క టిఫిన్ డబ్బా మూతలా పట్టి కూర్చుంటుంది. అతుకు గట్టిగా ఉంటుంది, కుట్లు కాస్త ముందుగా తీసేయొచ్చు. కాని లేజర్ అంటే వెలుతురు. వెలుతురు పోవాలంటే దారి తేటగా ఉండాలి. మా దగ్గరికి వచ్చేవాళ్ళ కళ్ళలో వరి వెన్ను గుచ్చుకుని ఉంటుంది, లేదా సున్నం పడి ఉంటుంది. దాని మీద ఎవరో ఒకరు చెట్టు పసరు పిండి ఉంటారు. అటువంటి కంటి మీద లేజర్ వేయడమంటే పాల గ్లాసులోంచి టార్చి వేయడమే. లేజర్‌తో కోయగలిగిన కంటికి మార్పిడి అక్కర్లేదు, మార్పిడి కావలసిన కన్ను లేజర్‌కు తెగదు.

ఇది కొంచెం పెంచి చెప్పాను. పువ్వు పల్చగా ఉన్నా, నడిమధ్యన మాత్రమే ఉన్నా అంచులు బాగానే తెగుతాయి. ఇంకొకటి కూడా ఒప్పుకుంటాను. నా చేతుల మీదుగా పోయిన కేసుల్లో, మొదటి సంవత్సరం లేజర్ కళ్ళు ముందుండేవి. రెండేళ్ళు గడిచి కుట్లన్నీ తీసేశాక, ఏది లేజర్ కన్నో ఏది బ్లేడు కన్నో ఫైలు చూస్తే తప్ప నేను చెప్పలేకపోయేవాణ్ణి. ఈ మాట సభల్లో అంటే మెషీను కంపెనీవాళ్ళు మళ్ళీ భోజనానికి పిలవరు.

సగం కోత

ఆ మొదటి పేషెంటు యాకూబీ. కొత్తవాడలో షత్రంజీలు, అంటే నేల మీద పరుచుకునే మందపాటి నూలు జంపఖానాలు, నేస్తుంది. అప్పటికి ఆమెకు నలభై ఏళ్ళుంటాయి. ఎడమ కన్ను చిన్నప్పుడే తట్టు పోసి పోయింది. మగ్గానికి పని లేని రోజుల్లో ధర్మసాగర్ వైపు వరికోతకు వెళ్తే, ఉన్న ఒక్క కుడికంట్లో వరి వెన్ను గుచ్చుకుంది. పసరు పోయనే పోశారు. పుండు మానేసరికి కంటి నిండా పువ్వు మిగిలింది. ఆడబిడ్డ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి నా ముందు కూర్చోబెట్టింది.

"ఆ ఎడమ కన్నుతో ఏమన్నా కనిపిస్తదా?" అన్నాను.

"అది సూపుకు గాదు సారు, మొహానికి," అంది యాకూబీ. "గీ కుడిది జర సూడుండ్రి. సంఘం షెడ్డుల నా మగ్గం ఉన్నది. ఏడాది దాకా ఖాళీగ ఉంచుతమన్నరు. అటెనుక ఇంకొకలకు ఇస్తరు. మగ్గం పోతె నాకింకేం పని రాదు సారు."

నాకూ అంతే కదా అనుకున్నాను. పైకి అనలేదు. డాక్టర్లు పైకి అనకూడదని మాకు నేర్పారు. తప్పుగా నేర్పారు.

దానం వచ్చిన కార్నియా హైదరాబాదు నుంచి ఐసు డబ్బాలో బస్సెక్కి వచ్చింది. ఎవరిదో మాకు చెప్పరు, అడగకూడదు. యాకూబీని అద్దాల గదిలో పడుకోబెట్టాం. అద్దం అవతల కళ్ళజోళ్ళు కొనుక్కోడానికి వచ్చినవాళ్ళు నిలబడి చూస్తున్నారు. మొదటి చెయ్యి నాది అన్నాను కదా, నిజానికి అక్కడ నా చెయ్యి చేసిందేమీ లేదు. ఏ అంకె ఎక్కించాలో కంపెనీ ఇంజినీరు చెప్పాడు, నేను కాలితో పెడల్ తొక్కాను. నిమిషం కూడా పట్టలేదు. పువ్వు మందంగా ఉన్న కింది వైపు లేజర్ అసలు తెగనే లేదు.

మనిషిని పైకి తీసుకెళ్ళాలి కాబట్టి, తెగిన చోట కూడా కన్ను తెరుచుకుపోకుండా అడుగున ఒక పల్చటి పొర కోయకుండా వదులుతాం. కంటి మీద డొప్ప పెట్టి, చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి లిఫ్టు ఎక్కించాం. మొదటి అంతస్తులో లిఫ్టు ఆగింది. క్యాంటీన్ మనిషి ఇడ్లీల ట్రాలీతో ఎక్కాడు.

"సారు, కోసిండ్రా?" అంది యాకూబీ సాంబారు వాసన మధ్య నుంచి.

"సగం కోశాం."

"మిగిలిన సగం?"

"పైన."

"అయితె కింద ఎందుకు కోసిండ్రు?"

ఇడ్లీ అతను కూడా నా వైపు జవాబు కోసం చూశాడు.

పైన మిగతాదంతా బ్లేడుతో, కత్తెరతో, నేను పాతికేళ్ళుగా కోస్తున్నట్టే కోశాను. పదహారు కుట్లు వేశాను. ఆ సాయంత్రం ఆమె ఎన్ని కుట్లని అడిగింది. చెప్పాను. "గింత కన్నుకు పదహారా," అని వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకుంది. నేయడం అలవాటైన మనిషి, దేన్నయినా లెక్కపెట్టుకుంటుందిలే అనుకున్నాను.

మర్నాడు కట్టు విప్పితే చెయ్యి చాచినంత దూరంలో నా వేళ్ళు ఎన్నో చెప్పింది. మొదటి రోజుకు అది చాలా మంచి చూపు. చార్టు చదవలేదు. చదవడానికి ఆమెకు చదువే రాదు. చప్పట్లు కొట్టింది ఒకే ఒక్కరు, పెద్దసారు. అది కూడా ఫొటో కోసం.

చిల్లిలోంచి చూపు

మరి చార్టు సంగతేమిటి? అది నాలుగు నెలల తర్వాత. చదువు రానివాళ్ళకు మూడు కాళ్ళ గుర్తుల చార్టు ఉంటుంది. కాళ్ళు ఎటు వైపు ఉన్నాయో చెయ్యి తిప్పి చూపాలి. యాకూబీ చివరి నుంచి రెండో వరుస దాకా సరిగ్గా చూపింది. మా భాషలో అది సిక్స్ బై నైన్. వారంలో పెద్దసారు ఆమె ఫొటో కింద ఆ అంకె వేయించి బోర్డు మార్చాడు.

అందులో మోసం ఎక్కడుందో చెప్తాను, ఎందుకంటే ఇదే మోసం రేపు మీరూ చేస్తారు. ఆమె ఆ వరుస చూసింది ఒక నల్ల పలకకు ఉన్న సూది బెజ్జంలోంచి. బెజ్జంలోంచి చూస్తే వంకర కన్ను కూడా కాసేపు తిన్నగా చూస్తుంది. కన్ను లోపల బాగానే ఉందా లేదా తెలుసుకోడానికి అది పరీక్ష, అంతే. ఆ పలక మెడలో వేలాడేసుకుని ఎవరూ వంట చెయ్యరు, ఎవరూ రోడ్డు దాటరు. కాని సభల్లో మేం చూపించే రంగురంగుల స్లైడ్లలో ఉండే చూపు చాలావరకు ఇదే. అది కాకపోతే డజను అద్దాలు మార్చి మార్చి చీకటి గదిలో రాబట్టిన చూపు. ఇంటికి తీసుకెళ్ళే చూపు ఏమిటని సభలో అడిగినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. నేనూ అడగలేదు. స్లైడు నాదైనప్పుడు అసలే అడగలేదు.

ఆ రోజు పలక కిందికి దించి యాకూబీ అంది, "సారు, ఇంటికాడ సూసిన. పడుగు కనిపిస్తాంది. పేక కనిపిస్తలేదు."

పడుగంటే మగ్గం మీద నేసేవాళ్ళ ముందు నిలువుగా సాగి ఉండే దారాలు. పేకంటే వాటి మధ్య అడ్డంగా పోయేవి.

"నీకు కన్ను పెట్టానమ్మా, మగ్గం పెట్టలేదు," అన్నాను. గొప్ప జోకు వేశాననుకున్నాను.

మా చీకటి గదిలో అద్దాల నంబరు చూసే, కార్నియా ఎత్తుపల్లాల మ్యాప్ తీసే రాజేశ్వరి నవ్వలేదు. నన్ను పక్కకు పిలిచింది. "సార్, అడ్డం గీతలు పోతున్నాయంటే పైనో కిందో కుట్టు బిగుసుకున్నట్టు. మ్యాప్ మెషీనేమో పక్క వైపు కుట్టు అంటాంది. రెండు కలుస్తలేవు."

"మెషీను అబద్ధం చెప్తదా రాజేశ్వరీ?"

"కన్ను పొడిగుంది సార్. తడి లేకుంటే మ్యాప్ తప్పు వస్తది. చుక్కలేసి, జర ఆగి మళ్ళొకసారి తీస్త."

"బయట నలభై మంది కూర్చున్నరు," అన్నాను.

ఇక్కడ మీరు ఒక విషయం తెలుసుకోవాలి. పదహారు కుట్లలో ఒకటి ఎక్కువ బిగిస్తే కార్నియా ఆ వైపు ఉబ్బుతుంది. చూపు ఒక దిక్కున తేటగా, ఇంకో దిక్కున అలుక్కుపోయినట్టు ఉంటుంది. ఆ కుట్టు వెతికి తీసేస్తే కన్ను సర్దుకుంటుంది. వేరేది తీస్తే వంకర ఇంకా పెరుగుతుంది. ఒకసారి తెంపిన కుట్టును మళ్ళీ అతికించలేం.

నేను మ్యాప్ చూసి, గడియారంలో మూడు గంటలు ఉండే చోటున్న కుట్టును సూది మొనతో తెంపి, పట్టకారుతో లాగేశాను. అది తప్పు కుట్టు. నలభై ఏళ్ళ వృత్తిలో నేను తెంపిన ఒకే ఒక్క తప్పు కుట్టు అది. ఇంతవరకూ ఎక్కడా చెప్పలేదు, ఇక్కడ చెప్తున్నాను. పెద్ద డాక్టరు ఇట్లా రాతపూర్వకంగా ఒప్పుకోవడం మీరు ఎక్కువసార్లు చూడరు.

బెంచీ విరిగిన వరండా

రెండు వారాలకు ఆమె మళ్ళీ వచ్చింది.

"ఇప్పుడు పడుగు గూడ అలుక్కపోతాంది సారు."

"కొన్నాళ్ళు ఆగు, సర్దుకుంటది," అన్నాను.

కంటి వైద్యంలో ఇంతకంటే నీచమైన వాక్యం లేదు. ఏం చెయ్యాలో తెలియనప్పుడు మేం వాడేది ఇదే. ఇంకో నెల పోయింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ అదే వాక్యం చెప్పాను. ఆమె ఒక్క కన్ను మీద, ఖాళీగా ఉన్న మగ్గం మీద నెలలు గడుస్తున్నాయని తెలుసు. ఆమె ముఖం చూడకుండా ఫైలు చూస్తూ మాట్లాడే విద్య నాకు బాగా వచ్చు.

పెద్దసారు దాకా కబురు పోయింది. పిలిచాడు. "ఆమెను బోర్డు మీద వేసినం కదా. ఇంక చార్టు చదివించకు," అన్నాడు. కుట్టు సంగతి గాని కన్ను సంగతి గాని అడగలేదు. ఆయన్ను తిట్టడం తేలిక, ఈ వయసులో నాకు అదొక కాలక్షేపం కూడా. కాని ఆ మాట వినగానే లోలోపల నాకూ హాయిగా అనిపించింది. చార్టు చదివించకపోతే నా తప్పు కూడా ఫైల్లోకి ఎక్కదు.

ఆ తర్వాతి సంగతిని నేను సభల్లో ఇట్లా చెప్పేవాణ్ణి: "నాకొక ఆలోచన తట్టింది. ఆమెను షత్రంజీ ఒకటి తెమ్మన్నాను." అబద్ధం. మా వరండాలో బెంచీ విరిగిపోయి ఆరు నెలలైంది. అద్దాల గదికి డబ్బులున్నాయి గాని బెంచీకి లేవు. నేల మీద కూర్చోడానికి యాకూబీ ఇంటి నుంచి చారల షత్రంజీ ముక్క తెచ్చుకుంది. చీకటి గదిలోంచి బయటకు వచ్చిన రాజేశ్వరి దాన్ని చూసింది.

"లే అక్కా," అని, ఆ ముక్క తీసుకుని తలుపు మీద పరిచి పట్టుకుంది. చారలు నిలువుగా ఉంచింది.

"కనిపిస్తానయి. మసక మసక," అంది యాకూబీ.

రాజేశ్వరి మెల్లగా తిప్పింది. కొంచెం వాలుగా. ఇంకొంచెం.

"పోతానయి. పోతానయి. ఆగు. గీడ మొత్తం ఒక్కటే రంగయింది."

చారలు సరిగ్గా అడ్డంగా ఉన్నాయి. నేను గది గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. ఆ షత్రంజీ చెప్పింది ఆమె రెండు నెలల కిందట నోటితో చెప్పిన మాటే. పేక కనిపిస్తలేదు.

రాజేశ్వరి చుక్కలు వేసి, పావుగంట ఆగి, మళ్ళీ మ్యాప్ తీసింది. ఈసారి మెషీను కూడా పన్నెండు గంటల దగ్గరి కుట్టునే చూపించింది. మెషీను అబద్ధం చెప్పలేదు. పొడికన్ను పెట్టి అడిగాం, పొడి జవాబు ఇచ్చింది. ఆ కుట్టు తీశాను. పద్నాలుగు మిగిలాయి.

రెండు వారాల తర్వాత వచ్చి షత్రంజీ ముక్కను తనే తలుపు మీద పెట్టుకుని తిప్పి చూసుకుంది. మరి కొన్నాళ్ళకు రాజేశ్వరి అద్దాలు రాసిచ్చింది. బెజ్జం పలక లేకుండా, తన కళ్ళజోడుతో యాకూబీకి వచ్చిన చూపు సిక్స్ బై ట్వెల్వ్. బోర్డు మీది అంకె కంటే ఒక వరుస తక్కువ. ఆ అంకె ఏ బోర్డు మీదా ఎక్కలేదు. ఏడాది గడువుకు ఇంకా ఇరవై రోజులుందనగా ఆమె మగ్గం ఎక్కింది.

కొత్తగా వచ్చేవాళ్ళకు

లేజర్ వాడండి. తెగే చోట బాగా తెగుతుంది. తెగని చోట బ్లేడు పట్టుకోవడం రావాలి కాబట్టి, బ్లేడు ముందు నేర్చుకోండి. మెషీను ఎక్కడ పెట్టారో చూస్తే ఆ ఆసుపత్రి ఎవరి కోసం నడుస్తుందో తెలుస్తుంది. చూపు రాసేటప్పుడు అది దేనిలోంచి వచ్చిన చూపో పక్కన రాయండి. చీకటి గదిలో కూర్చునే మనిషి మీకంటే ముందు విషయం కనిపెడుతుంది. జీతం మీదాంట్లో పావు వంతు ఉంటుంది, మీరు ఆమె మాట పావు వంతు కూడా వినరు. అన్నిటికంటే ముఖ్యం, పేషెంటును ఏం కనిపిస్తలేదని అడగండి. ఎంత కనిపిస్తుందని అడిగితే మీకు నచ్చే జవాబే చెప్తారు.

ఇదంతా రాశాక, తన కన్ను గురించి కాబట్టి, అచ్చుకు పంపే ముందు కొత్తవాడ పోయి యాకూబీకి చదివి వినిపించాను. ఆమె మగ్గం ఆపలేదు. నేను చదువుతుంటే దువ్వెనలాంటి ఇనుప పంజాతో పేకను దబదబ దిగ్గొడుతూనే ఉంది. ఇడ్లీ ట్రాలీ దగ్గర నవ్వింది. పెద్దసారు దగ్గర నవ్వలేదు. నా తప్పు కుట్టు దగ్గర మాత్రం పంజా ఆగింది. నా నిజాయితీకి కరిగిపోయిందనుకున్నాను. చివరి దాకా చదివి కాగితాలు మడిచాను.

"మంచిగనే రాసిండ్రు," అంది. "గాని తప్పు కుట్టు ఒకటి గాదు సారు. రెండు."

"ఒకటేనమ్మా. మూడు గంటల దగ్గరిది."

"మూడు గంటలది తెంపిండ్రు. అటెనుక అవతలి పక్కది, తొమ్మిది గంటలది గూడ తెంపిండ్రు. అదే పూట. రెండుసార్లు కదలకు అన్నరు నన్ను. రాజేశ్వరక్క వద్దు సార్ అన్నది. నా చెవులు మంచిగనే ఉన్నయి కదా."

"అంత పాత సంగతి. నీకెట్లా గుర్తు?"

ఆమె మగ్గం పక్కన మేకుకు తగిలించిన ప్లాస్టిక్ కవరు తీసి, అందులోంచి ఆసుపత్రి కార్డు బయటికి లాగింది. రాజేశ్వరి గీసిన గుండ్రటి బొమ్మ, దాని చుట్టూ మిగిలిన కుట్లకు చిన్న చిన్న గీతలు. పన్నెండు గంటల కుట్టు తీసిన రోజుది.

"పద్నాలుగని రాసిండ్రు మీరు," అంది యాకూబీ, కార్డు నా చేతిలో పెట్టి పంజా మళ్ళీ అందుకుంటూ. "పదమూడే ఉన్నయి. లెక్కవెట్టుకోండ్రి."